ఐవీ కొమ్మ దించేదాకా

స్కాల్నిత్సా, 2006 నవంబరు 12

తమ్ముడు ఎడ్విన్‌కు,

క్షేమంగా లండన్ చేరావని నీ కార్డు అందింది. ఫోన్లు వద్దు, ఉత్తరాలే రాసుకుందాం అన్న ఒప్పందం నీకు గుర్తున్నందుకు సంతోషం. నాన్న చనిపోయిన వారంలో మనిద్దరం ఫోన్‌లో అరుచుకున్నది గోడ అవతల రాదివోయ్ ఇంటిదాకా వినిపించిందట. ఉత్తరంలో అయితే ఒకరి మాట మధ్యలో ఇంకొకరు ఫోన్ పెట్టేయడానికి లేదు.

సమాధుల పండుగకి వచ్చి నాన్న సమాధి మీద పూలు పెట్టావు, బాగానే ఉంది. వెళ్ళే పూట నాకు చెప్పకుండా నేలమాళిగలోకి దిగి, నాన్న ఆఖరిగా చేసిన 2005 పంట పీపాలోంచి రెండు సీసాలు నింపుకుని పోయావే, అది మాత్రం బాగాలేదు. అడిగితే ఇవ్వనా? నువ్వు వైను వర్తకుల దగ్గర కొలువు చేస్తున్నావు గానీ దొంగల దగ్గర కాదు కదా.

ఇక్కడ సంగతులు చెప్పుకోవడానికేం లేవు. ఆగస్టులో వడగళ్ళు కొట్టినప్పుడే ఈ ఏడు పంటలో ముప్పాతిక పోయింది. మిగిలినది మూడు చిన్న పీపాలకు సరిపోయింది. నా దిగులంతా ఈస్టర్ గురించే. లండన్ నీళ్ళు తాగి మరచిపోయావేమో, గుర్తు చేస్తాను. ఊళ్ళో ఒక్కో ఇంటికీ ఒక్కో వంతు. మన వంతు ఈస్టర్ వారం. వైను దొరుకుతుందని గుర్తుగా కూడలిలో ఐవీ కొమ్మ కట్టామంటే ఎనిమిది రోజులు మన వాకిట్లో మన వైను, మన పంది తొడ మాంసం, మన గుడ్లు అమ్మాలి. ఎనిమిదో రోజు పొద్దు గుంకకముందే కొమ్మ దించిన ఇంటికి ఆ వంతు పోయినట్టే. మన తరువాతి వరస రాదివోయ్‌ది. అతను ఇరవై ఏళ్ళుగా ఆ వారం మీద కన్నేసి కూర్చున్నాడు.

మూడు పీపాలు ఎనిమిది రోజులకు సరిపోతాయా అని వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను.

నీ అక్క,
వోయ్కా

లండన్, 2006 నవంబరు 27

అక్కా,

దొంగతనమే, ఒప్పుకుంటున్నాను. అడిగితే నువ్వు ఇస్తావు, దానితోపాటు ఒక గంట ఉపన్యాసం కూడా ఇస్తావు. నా విమానానికి అంత సమయం లేదు.

ఇప్పుడు నా మాట కోపం లేకుండా విను. ఇక్కడ బోర్దో వైన్ల ధరలు ఆకాశాన్ని అంటాయి. ఆ కోటల పేర్లున్న సీసాలు ఇప్పుడు తాగేవాళ్ళు కొనడం లేదు, దాచుకునేవాళ్ళు కొంటున్నారు. తాగేవాళ్ళంతా చిన్న ఊళ్ళ కేసి చూస్తున్నారు. మన కొండకు అటూ ఇటూ ఉన్న నలుగురైదుగురు రైతుల పేర్లు లండన్‌లో నోళ్ళలో నానుతున్నాయి. వాళ్ళు చేస్తున్నదేమిటి? నాన్న నలభై ఏళ్ళు చేసినదే. తెల్లద్రాక్షను తొక్కతో సహా నెలల తరబడి నాననివ్వడం. మన ఊరంతా రాగిచెంబు కడిగిన నీళ్ళని వెక్కిరించిన ఆ రంగుకే ఇక్కడ జనం ఎగబడుతున్నారు. దానికి నారింజ వైను అని పేరు కూడా పెట్టారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు.

జనవరిలో మా దుకాణంలో రుచి చూసే సభ ఉంది. నాన్న వైను అక్కడ పెడతాను. మా వర్తకులు అమ్మే వైన్ల పట్టీ ఏటా రెండుసార్లు అచ్చవుతుంది, ఆ పట్టీలో స్రెచ్కో పెర్నార్ అనే పేరు చూడాలని ఉంది నాకు. ఆయన బతికి ఉండగా నేనా పని చేయలేకపోయాను. ఇంకో పీపా లేదు, ఇంకో ఏడాది రాదు. అందుకని ఆ పీపాను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. నువ్వు కూడా.

ఎడ్విన్

స్కాల్నిత్సా, 2006 డిసెంబరు 10

లండన్ దొరగారికి,

నాన్న ఏనాడైనా నారింజలు పిండాడా? ఆ పేరు ఎవడు పెట్టాడో గానీ వాడి నోట్లో మన్ను పడ. అది విటోవ్స్కా ద్రాక్ష వైను. ఆ పేరు పలకడానికి నోరు తిరగకపోతే మానేయమను.

పీపాను ముట్టుకోవద్దన్నావు. పీపాకు కూడా దాహం వేస్తుందని, చెక్క వారానికో గ్లాసుడు తాగుతుందని, పైన ఖాళీ వదిలితే వైను కాస్తా పులిసిన నీళ్ళవుతుందని నీకు చిన్నప్పుడు ఎవరు చెప్పారు? ప్రతి శనివారం నేను దిగి నిండా పోస్తేనే కదా నువ్వు దొంగిలించడానికి రెండు సీసాలు మిగిలాయి. ఈ ఏటి విటోవ్స్కాతోనే పోస్తున్నాను. నా మూడు పీపాలే అరకొర, అందులోంచి తీసి నీ పీపా దాహం తీరుస్తున్నాను. ముట్టుకోవద్దంటే మానేస్తాను. తరువాత నన్ననొద్దు.

రాదివోయ్ నిన్న గోడ అవతలనుంచి, "ఏం వోయ్కా, ఈ ఈస్టర్‌కి వచ్చినవాళ్ళకి నీళ్ళు పోస్తావా?" అన్నాడు. వాళ్ళ తోటమీద ఒక్క వడగల్లు పడలేదు. దేవుడికి కూడా మొహమాటాలుంటాయి.

అక్క

లండన్, 2007 జనవరి 29

అక్కా, అక్కా, అక్కా,

గెలిచాం. నిన్న సభలో ఇరవై రెండు వైన్లున్నాయి. నాన్నది పదిహేడోది. సీసాకు పేరు లేదు, నేను కాగితం ముక్క మీద చేతితో రాసి అంటించాను. పదహారో వైను దాకా గోల. పదిహేడు దగ్గర అందరూ కాగితాలు తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. పత్రికల్లో రాసేవాళ్ళు ముగ్గురు మళ్ళీ వచ్చి రెండోసారి పోయించుకున్నారు. మా యజమాని హెన్‌షా ఎవరినీ మెచ్చుకోడు, చావుకు వెళ్ళినా ఏదో ఒక వంక పెట్టి వస్తాడు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఎన్ని సీసాలున్నాయి?" అన్నాడు. నాలుగు వందలన్నాను.

నిన్న సాయంత్రానికే అన్నీ అమ్ముడయ్యాయి. వైను పీపాలో ఉండగానే అమ్మడం బోర్దోవాళ్ళకు మామూలే, మన కొండమీద మాత్రం ఇదే మొదలు. మే నెల పట్టీలో నాన్న పేరు అచ్చవుతుంది. కొన్నవాళ్ళు ముప్పై ఒక్కమంది. వాళ్ళకు నేను మాటిచ్చాను, నా మాట నమ్మి హెన్‌షా మాటిచ్చాడు. ఈ ఆడ్రియాటిక్ తీరపు వైన్లు కొనే పద్దు నాకు ఇప్పించమని మూడేళ్ళుగా అడుగుతున్నాను. ఈ వైనుతో అది నా చేతికొచ్చింది.

సీసాలు నేనే పంపుతున్నాను, బరువైనవి. వాటికి అంటించే చీటీలు కూడా. చీటీ మీద సముద్రపు ఒడ్డున కోట బొమ్మ వేయించాను. దాహం తీర్చడం మానొద్దు, కానీ ఈ ఏటి వైనుతో వద్దు, చీటీ మీద 2005 అని ఉంటుంది కదా.

ఎడ్విన్

స్కాల్నిత్సా, 2007 ఫిబ్రవరి 14

ఎడ్విన్‌కు,

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వ్యాపారం. వైను ఇంకా చెక్కలో ఉంది, దాన్ని ముప్పై ఒక్కమంది కొనేశారా? రేపు పీపా పగిలితే ముప్పై ఒక్కమందికీ చెక్కలు పంచుతావా?

2005 పంటతోనే నింపమంటే ఆ పంట ఇంకెక్కడుంది? ఉన్నదల్లా ఆ పీపాలోనే ఉంది. పీపాను పీపాతోనే నింపే విద్య లండన్‌లో ఉంటే రాసి పంపు.

ఆ కోట మనకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ కోట మెట్లెక్కిన మనిషి మన వంశంలో లేడు. నాన్న బొమ్మ వేయొద్దని నేనూ అంటాను, ఆయన ముఖం చూస్తే ఎవరూ కొనరు. కానీ కోట ఎందుకు? మన గోడ బొమ్మ వేయించినా సరిపోయేది.

ఇక అసలు సంగతి. సీసాల్లో నింపడం చంద్రుడు తగ్గే పక్షంలోనే. పెరిగే చంద్రుడిలో నింపితే మడ్డి లేస్తుంది, నాన్న ఒకే ఒక్క ఏడు తొందరపడి ఆ పని చేసి జన్మంతా తిట్టుకున్నాడు. మార్చి మూడున పున్నమి. మార్చి నాలుగు నుంచి పద్దెనిమిది లోపల నింపాలి. దానికి సీసాలు నాలుగో తేదీకల్లా నా గాదెలో ఉండాలి. ఆలస్యం చేస్తే తరువాతి అవకాశం ఈస్టర్ తరువాతే.

అక్క

లండన్, 2007 మార్చి 1

అక్కా,

సీసాలు బయలుదేరాయి. చంద్రుడి మీద నీకున్న నమ్మకంలో సగం నా మీద ఉంటే బాగుండేది. ముక్కు కారుతోంది, రుచులు తెలియడం లేదు, ఇక్కడ ఒక్క రోజు సెలవు పెట్టినా వేరేవాడు నా కుర్చీలో కూర్చుంటాడు.

ఎడ్విన్

స్కాల్నిత్సా, 2007 మార్చి 20

ఎడ్విన్‌కు,

నీ సీసాలు నిన్న వచ్చాయి. నిన్న అమావాస్య. పదిహేను రోజులు కొండ కింద త్రియెస్తే రేవు గిడ్డంగిలో పడుకుని, సరిగ్గా చంద్రుడు కొత్తగా మొదలయ్యే రోజున లేచి వచ్చాయి. ఒక్కో సీసా ఇటుకంత బరువుంది. లారీ అతను రెండుసార్లు నడుం పట్టుకున్నాడు, అతనికి గుడ్లు, మాంసం పెట్టి పంపాను.

ముందే వచ్చినా నింపేదాన్ని కాదులే, పది రోజులుగా బూర్యా చలిగాలి ఈడ్చి కొడుతోంది. పెంకుల మీద రాళ్ళు పెట్టినా నిలవడం లేదు. ఈ గాలిలో నేలమాళిగ తలుపు తెరిస్తే వైను కూడా వణుకుతుంది.

కాబట్టి ఈస్టర్ దాటాక, ఏప్రిల్ పది తరువాత నింపుతాను. నీ నాలుగు వందల సీసాలు గాదెలో కోళ్ళను బయటికి తోసేసి కూర్చున్నాయి. ఏప్రిల్ రెండు, సోమవారం పొద్దున కొమ్మ కడుతున్నాను. బోర్డు మీద సుద్దతో ధర రాసేశాను, ఎనిమిది రోజులూ అదే ధర. మొత్తానికి సరిపోతుందనే అనుకుంటున్నాను. సరిపోకపోతే ఏం చేయాలో నువ్వు చెప్పు, నువ్వు మార్కెట్టు తెలిసినవాడివి.

అక్క

లండన్, 2007 ఏప్రిల్ 2

అక్కా,

నీ ఉత్తరం చదివి గోడకు తల కొట్టుకోవాలనిపించింది. సరే, ఈస్టర్ తరువాతే కానీ. తక్కువ పడితే గ్లాసులు చిన్నవి పెట్టు, అంతకంటే ఏం చెప్పను?

ముఖ్యమైన సంగతి. హెన్‌షా ఈస్టర్ సెలవులకు అటు వస్తున్నాడు. పదో తేదీ మంగళవారం మన ఇంటికి వస్తాడు. పీపాలోంచి నేరుగా ఒక గ్లాసు తీసి ఇవ్వు. ఎక్కువ మాట్లాడకు, ముఖ్యంగా నారింజల సంగతి ఎత్తకు. వాకిలి ఊడ్చి ఉంచు. ఆయన సన్నగా, ఎర్రగా ఉంటాడు, చెవులు పెద్దవి. ఇది నా బతుకు అక్కా, ఈ ఒక్కసారికి నేను చెప్పినట్టు చెయ్యి.

ఎడ్విన్

స్కాల్నిత్సా, 2007 ఏప్రిల్ 7, శనివారం మధ్యాహ్నం

ఎడ్విన్,

చేతులు మాంసపు జిడ్డుతోనే రాస్తున్నాను. మూడో పీపా అడుగంటింది. ఈ సాయంత్రానికి అయిపోతుంది. ఇంకా ఆదివారం, సోమవారం ఉన్నాయి. త్రియెస్తే ఊరంతా పండుగ మాంసం అరిగించుకోవడానికి కొండెక్కేది ఆ రెండు రోజులే.

నిన్న ఒప్పందం పక్కనపెట్టి నీ ఆఫీసుకు ఫోన్ చేశాను. గుడ్ ఫ్రైడే సెలవట, యంత్రం మాట్లాడింది. నీ చేతి ఫోన్ నంబరు నాకు ఎప్పుడిచ్చావు గనక. బయటినుంచి వైను తెచ్చి పోయడం నిషిద్ధం, పైగా సిగ్గుచేటు. రాదివోయ్ ఇప్పుడే వచ్చి గోడ మీద కూర్చుని కొమ్మ కేసి చూస్తున్నాడు.

ఇల్లంతా వెతికితే మన వైను ఒక్క చోటే ఉంది. ఎక్కడో నీకు తెలుసు. నువ్వు ఏమంటావో కూడా నాకు తెలుసు. ఈ ఉత్తరం నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుంది, అయినా చెప్పకుండా చేశానని అనిపించుకోకూడదని రాస్తున్నాను.

అక్క

స్కాల్నిత్సా, 2007 ఏప్రిల్ 11

ఎడ్విన్‌కు,

ఒక చోట కూర్చుని చదువు. నాన్న పీపా అయిపోయింది.

ఆదివారం పూజ అయ్యేసరికి వాకిట్లో అరవైమంది ఉన్నారు. మొదటి బల్ల దగ్గర ఒక ముసలావిడ, మనవరాలి చెయ్యి పట్టుకుని కొండెక్కి వచ్చింది, అరలీటరు అడిగింది. కొమ్మ వేలాడుతుండగా వాకిట్లోకి వచ్చిన మనిషికి వైను లేదని చెప్పిన నోరు ఈ ఇంట్లో ఇంతవరకు లేదు. నేలమాళిగలోకి దిగాను. పీపా ముందు కాసేపు నిలబడ్డాను. నీ ముప్పై ఒక్కమందీ గుర్తొచ్చారు, వాళ్ళ ముఖాలు నాకు తెలియవు. పైన ఉన్న అరవైమంది ముఖాలూ తెలుసు. పీపాకు కుళాయి అమర్చి కూజా పట్టాను.

ధర మార్చలేదు. సుద్దతో రాసింది ఎనిమిది రోజులకూ ఒకటే.

మొదట్లో రంగు చూసి మూతులు ముడిచారు. తరువాత కూజాలు వరసగా ఖాళీ అయ్యాయి. మధ్యాహ్నానికి రాదివోయ్ గోడ దిగి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. నాన్నతో పదకొండేళ్ళు మాటల్లేని మనిషి. ఒక గ్లాసు తాగాడు, టోపీ తీసి పక్కన పెట్టాడు.

"ఇది మీ నాన్న మాకెప్పుడూ పోయలేదే," అన్నాడు.

"మీరు అడగలేదు," అన్నాను.

"అడిగితే పోసేవాడా?"

"పోసేవాడు కాదు."

అతను నవ్వి ఇంకో గ్లాసు పోయించుకున్నాడు. సోమవారం తన ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు.

సోమవారం ఒక ఇంగ్లీషువాడు కూడా వచ్చాడు. కూడలిలో కొమ్మ చూసి, దారి కనుక్కుంటూ వచ్చాడట. ఎండకు ముఖం కందిపోయింది, చెవులు ఎగిరిపోయేట్టున్నాయి. ఏడు గుడ్లు తిన్నాడు. వైను నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. సగం ఇటాలియన్‌లో, సగం చేతులతో, ఎవరు చేశారని అడిగాడు. చచ్చిపోయినాయన అన్నాను. ఇంకా ఉందా అని అడిగాడు. మీ వెనుక నలభైమంది ఉన్నారు, తొందరగా తాగండి అన్నాను. మాంసం ఈ ఊరిదేనా అని అడిగేసరికి మాత్రం నాకు మండి పళ్ళెం తీసేశాను. మళ్ళీ బతిమాలితే ఇచ్చాను. వెళ్ళేటప్పుడు చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. మా ఆయన పోయాక నా చెయ్యి ఎవరూ ముద్దు పెట్టుకోలేదు.

పొద్దు గుంకాక కొమ్మ దించాను. వచ్చే ఈస్టర్ కూడా మనదే.

నీ రెండో తేదీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. నిన్న మంగళవారం మీ యజమాని ఎవరూ రాలేదు. వాకిలి మాత్రం ఊడ్చే ఉంది. నువ్వు కోప్పడతావు. కోప్పడు. నేను చేసింది తప్పని నాకు అనిపించడం లేదు, అలాగని నిద్రా పట్టడం లేదు.

అక్క

లండన్, 2007 ఏప్రిల్ 12

అక్కా,

నీ ఉత్తరాలేవీ రాలేదు, ఈస్టర్ సెలవుల మూట ఇంకా తపాలాఫీసులోనే ఉన్నట్టుంది. ఇక్కడ నా తల తిరుగుతోంది.

హెన్‌షా నిన్న ఫోన్ చేశాడు. మంగళవారం మన ఇంటికి రాలేదట. ఎందుకు రాలేదంటే, సోమవారం మన కొండమీదే ఎవరిదో వాకిట్లో భోంచేశాడట. గోడ, కొమ్మ, కోళ్ళు అంటాడు గానీ ఊరి పేరు కూడా కనుక్కోలేదు. అక్కడ కూజాలో పోసిన వైను తాగి మనిషి మతి పోగొట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో అలాంటిది తాగలేదట. "ఎడ్విన్, మీ నాన్న వైను మంచిదే. కానీ ఇది వేరు. ఆ ఇల్లు వెతికి పట్టు, ఉన్నదంతా కొను," అన్నాడు. అది తాగాక మరో వైను నోట పెట్టుకోవాలనిపించక మంగళవారమే విమానం ఎక్కేశాడట.

ఎవరిది అక్కా ఆ ఇల్లు? రాదివోయ్‌దా? మన వారంలో అతను కూడా దొంగచాటుగా కొమ్మ కట్టాడా? నాన్న జీవితమంతా తొక్కలతో కుస్తీ పడితే, ఆ పక్కింటివాడు చడీచప్పుడు లేకుండా ఆయన్ని మించిపోయాడా? నాకు ఏడుపొస్తోంది. ఆ ఇంటావిడ నోరు పెద్దదని, చేతిలోని పళ్ళెం లాక్కుందని చెప్పాడు. రాదివోయ్ భార్య అంత గయ్యాళి అని నాకు తెలియదు.

కనుక్కుని వెంటనే రాయి. మన పీపా జాగ్రత్త.

ఎడ్విన్

లండన్, 2007 ఏప్రిల్ 19

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. నాలుగు రోజులు జవాబు రాయలేదు. రాసి ఉంటే నువ్వు ఈ జన్మలో నాతో మాట్లాడేదానివి కాదు.

హెన్‌షాకు చెప్పేశాను. దాచి ఏం లాభం? ఆయన, "అంటే నేను అమ్మేసిన వైనును నేనే తాగి వచ్చాను," అన్నాడు. తరువాత, "కొన్నవాళ్ళకు ఉత్తరాలు నువ్వే రాయి," అన్నాడు. ముప్పై ఒక్క ఉత్తరాలు రాశాను. ఆడ్రియాటిక్ పద్దు నా దగ్గరనుంచి తీసి మరొకడికిచ్చారు. ఉద్యోగం ఉంది, కుర్చీ మాత్రం గిడ్డంగి పక్కకు మారింది. మే పట్టీ అప్పటికే అచ్చుకు వెళ్ళిపోయింది. అందులో నాన్న పేరు ఉంది, దానిమీద అడ్డంగా 'లేదు' అని ముద్ర వేశారు.

ఇంతకుముందు రెండు వందలసార్లు నీ మీద కోపం వచ్చింది, ఇంత ఎప్పుడూ రాలేదు. ఒక్క వంతు, ఒక్క ఈస్టర్ వంతు, రాదివోయ్ చేతికి పోకుండా నిలబెట్టుకోవడానికి నాన్న మిగిల్చిన చివరి వైనంతా నాలుగు వీధుల జనానికి గుడ్లతో కలిపి పోసేశావు. గుడ్లతో, అక్కా.

ఇదంతా రాశాక, నాకు నిజంగా ఎక్కడ మండుతోందో నిన్న తెలిసింది. మా వృత్తిలో వైనును మింగరు. రోజుకు నలభై, యాభై చూడాలి, మింగితే సాయంత్రానికి నిలబడలేం. నోట్లో తిప్పి, తొట్టిలో ఉమ్మి, పుస్తకంలో రాసుకుంటాం. ఆ రెండు సీసాలు నేను మూడుసార్లు రుచి చూశాను. మూడుసార్లూ ఉమ్మేశాను. అలవాటు. ఒకసారైతే ఇంట్లో, నా వంటగదిలో, ఎవరూ లేనప్పుడు, సింకులో ఉమ్మాను. మిగిలినది సభలో పదిమందికీ పోశాను. ఎంతైనా ఇంకా నాలుగు వందల సీసాలు ఉన్నాయి కదా అనుకున్నాను.

రుచి నోట్లో ఎంతసేపు నిలిచిందన్నది మేము పుస్తకంలో రాస్తాం. నాన్న వైనుకు అర నిమిషం అని రాశాను. ఉమ్మినవాడికి ఏం తెలుస్తుంది? రాదివోయ్ తాగాడు, వాడి కొడుకులు తాగారు, దారినపోయే ముసలావిడ తాగింది, హెన్‌షా తాగాడు. నేను ఒక్క గుక్క కూడా మింగలేదు.

ఒక్కటే అడుగుతున్నాను. లండన్‌కి కాదు, ఎవరికీ కాదు. నాకోసం ఒక గ్లాసైనా దాచావా? దాచకపోతే, మింగితే ఎలా ఉందో రాయి. ఎంతసేపు నిలిచిందో రాయి.

ఎడ్విన్

స్కాల్నిత్సా, 2007 ఏప్రిల్ 26, గురువారం

ఎడ్విన్,

దాచలేదు. అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు చేతకాదు. సోమవారం చివరికి పీపాను వంచి ఆఖరి కూజా పట్టాను, అందులో సగం మడ్డి. రాదివోయ్ పెద్దకొడుకూ, నేనూ చెరిసగం తాగాం. పీపా కడిగి ఎండబెట్టేశాను.

నీ సంగతి నాకు తట్టనే లేదు. ఎందుకు తట్టలేదో ఈ వారమంతా ఆలోచించాను. నువ్వు వచ్చినప్పుడల్లా గ్లాసు పైకెత్తి వెలుతురులో చూస్తావు, వాసన చూస్తావు, ఏదో రాసుకుంటావు. వీడు అమ్మేవాడు అనుకున్నాను. తాగాలని ఉన్నవాడని అనుకోలేదు. నువ్వు పట్టీలో పేరు పట్టీలో పేరు అని గింజుకుంటుంటే, నాన్నను అమ్ముకుంటున్నావని రోజూ పీపా దగ్గర నిలబడి తిట్టాను కూడా. తమ్ముడి గురించి అలా అనుకోవడం నా తప్పు. వైను పోసినందుకు నిన్ను క్షమాపణ అడగను. దీనికి అడుగుతున్నాను.

ఆ పట్టీ ఒకటి పంపు, ముద్ర ఉన్నా సరే. నాన్న పేరు ఇంగ్లీషులో అచ్చయితే ఎలా ఉంటుందో చూస్తాను.

ఎలా ఉందో రాయమన్నావు. నీలాగా పళ్ళ పేర్లూ, పూల పేర్లూ నాకు రావు. మొదట తొక్క వగరు తగిలింది, మన ఎర్రమట్టి నోట్లో పడినట్టు. మింగాక కాసేపు ఏమీ లేదు. తరువాత, కొమ్మ విప్పుతూ నిచ్చెన మీద ఉండగా, పక్కగదిలో నాన్న దగ్గినట్టు అనిపించి వెనక్కి తిరిగి చూశాను. నిచ్చెన మీదనుంచి పడాల్సినదాన్ని.

ఎంతసేపు నిలిచిందని అడిగావు. నేను తాగింది తొమ్మిదో తేదీ సాయంత్రం. ఇవాళ ఇరవై ఆరు. ఇంకా పోలేదు.

నీ అక్క